చెవిలో పేరు

వెండెల్ కానవే కుడి భుజానికి అరడుగు వెనక నిలబడాలి. మరీ పక్కన నిలబడితే ఈవిడెవరా అని జనం చూస్తారు, మరీ వెనక్కి తగ్గితే మాట అందదు. పెదవులు కదలకూడదు. కదిలించక తప్పకపోతే దగ్గొచ్చినట్టు పిడికిలి అడ్డం పెట్టుకోవాలి. ముందు పేరు చెప్పాలి, ఆ వెనక ఒకే ఒక్క సంగతి. రెండు సంగతులు చెబితే ఆయన రెండూ కలగలిపేస్తాడు. వేసవిలో ఒకసారి "తల్లి పోయింది, ట్రాక్టరు కొన్నాడు" అని ఆర్డిత్ తొందరలో రెండూ అందించింది. ఆయన ఆ మనిషి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, "కొత్తది బాగా నడుస్తోందా నాయనా?" అని అడిగాడు. ఆ మనిషి ట్రాక్టరు గురించే అనుకుని బానే నడుస్తోందన్నాడు గాని, ఆర్డిత్‌కి మాత్రం పైప్రాణాలు పైనే పోయాయి.

ఈ విద్య ఆమెకి ఎవరూ నేర్పలేదు. జార్జ్‌టౌన్‌లో కాంగ్రెస్‌మన్ వెండెల్ గారి ఆఫీసు నడిపే మనిషికి ఉత్తరాలు రాయడం, పింఛన్లు ఇప్పించడం, కోపంగా వచ్చినవాళ్ళని చల్లబరచడం తెలిస్తే చాలు. ఆర్డిత్ ట్రూయిట్‌కి అవన్నీ వచ్చు. ఇది మాత్రం అవసరం నేర్పిన విద్య.

ఎన్నికల ముందురోజు మధ్యాహ్నం ఫైర్ హాల్‌లో కోడికూర, అందులో ఉడికించిన పల్చటి పిండిబిళ్ళల డంప్లింగుల విందు. ఊరంతా అక్కడే ఉంది. వెండెల్ గుమ్మం దగ్గర నిలబడి వచ్చిన ప్రతివాళ్ళకీ చెయ్యి అందిస్తున్నాడు.

"మార్విన్. మోకాలి ఆపరేషన్," అంది ఆర్డిత్ ఆయన కోటు కాలరుతో.

"మార్విన్! మోకాలు చెప్పినమాట వింటోందా?" అన్నాడు వెండెల్. ఆ గొంతుకి ఇప్పటికీ ఏ లోటూ లేదు. ఎనభయ్యొకటో ఏట కూడా ఆ మనిషి నవ్వితే ఎదుటివాడి కడుపు నిండుతుంది. ఇరవయ్యెనిమిదేళ్ళుగా కాంగ్రెసులో రాష్ట్రం మొత్తానికీ ఉన్న ఒక్క సీటులో ఆయన్నే కూర్చోబెడుతున్నారంటే ఊరికే కాదు.

"ఏదో కుంటుతూ వింటోందండీ," అన్నాడు మార్విన్ ఉబ్బిపోయి.

తర్వాత వెర్లిన్ టిండాల్ వచ్చింది. బాతుబొమ్మలున్న స్వెట్టరు, చేతిలో గుమ్మడికాయ తీపి రొట్టె పళ్ళెం. వెండెల్ చేత చెయ్యి పట్టించుకుని, మనవడి సంగతి అడిగించుకుని, అటుమీదట ఆర్డిత్ మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"నా బీపీ మాత్రలు సీఫర్డ్‌కి మార్చేసుకున్నాను తెలుసా? ఇరవై నిమిషాలు కారులో పోవాలి, అయినా సరే. నువ్వు రేడియోలో అలా చెప్పాక ఆ కోరిన్ కొట్టు గడప తొక్కబుద్ధి పుట్టలేదంటే నమ్ము. రేపు నా రోగం కూడా మైకులో పెట్టి చదివితే నా గతేంటి?"

ఆర్డిత్ "ఊఁ" అంది. 

రేడియోలో ఆమె అన్న మాటలు రెండే. పోయిన వారం హైస్కూలు హాల్లో చర్చాకార్యక్రమం జరిగింది. వెండెల్ మీద పోటీకి నిలబడ్డ కోరిన్ డ్యూక్స్, మార్కెట్ వీధిలో మందుల షాపు నడిపే పిల్ల, ఆ సభలో లేచి నిలబడి, గొంతు పెంచకుండా, "వెండెల్ గారు మంచివారు. కానీ ఒంట్లో బాగాలేదు. ఇందాక చెప్పిన మాట ఇప్పుడు గుర్తుండటం లేదు. ఈ పని ఇంక ఆయన చెయ్యలేరు" అనేసింది. హాలంతా బిగుసుకుపోయింది. మర్నాడు పొద్దున్నే ఆర్డిత్ డెల్బర్ట్ సామన్స్ రేడియో కార్యక్రమానికి ఫోన్ చేసి, "వెండెల్ కానవే గుండ్రాయిలా ఉన్నారు" అంది. అక్కడితో ఊరుకుంటే బావుండేది. "మందుల షాపు నడిపేవాళ్ళు జనం రహస్యాలు కడుపులో పెట్టుకోవాలి గాని, ఓట్ల కోసం బజార్లో పెట్టకూడదు" అని కూడా అంది. ఈ రెండు మాటలకీ పొంతన లేదు. మనిషి గుండ్రాయిలా ఉంటే బజార్లో పెట్టడానికి రహస్యమెక్కడిది? ఆ ప్రశ్న ఊళ్ళో ఒక్కరంటే ఒక్కరికి రాలేదు.

కోరిన్ లోపలికి వచ్చింది. ఒంటరిగానే వచ్చింది. పళ్ళెం పట్టుకుని కిటికీ పక్క పొడవాటి బల్ల దగ్గర కూర్చుంది. ఆ బల్ల మీద అప్పటికే ఏడెనిమిది మంది ఉన్నారు. ఎవరూ ముఖం తిప్పుకోలేదు, ఎవరూ మాట తూలలేదు. అందరూ "ఏమ్మా, బాగున్నావా" అని పలకరించారు. ఆ తర్వాత ఒకామెకి కాఫీ గుర్తొచ్చింది, ఒకాయనకి కారు లైట్లు ఆర్పానా లేదా అన్న అనుమానం వచ్చింది, ఇంకొకాయన పళ్ళెంలో సగం డంప్లింగులు ఉండగానే పొట్ట నిమురుకుంటూ లేచాడు. చూస్తుండగానే ఆ బల్ల దగ్గర కోరిన్, ఆమె పళ్ళెం, ఉప్పు మిరియాల సీసాలూ మిగిలాయి. తిట్టి పొమ్మంటే ఇంత అవమానం అనిపించేది కాదేమో.

ఆమె తినడం ముగించి, పళ్ళెం తనే వంటగదిలో ఇచ్చి, తిన్నగా వెండెల్ దగ్గరికి వచ్చింది. ఆర్డిత్ నోరు తెరిచింది గాని నాలుక తిరగలేదు. ఏమని అందిస్తుంది? కోరిన్, మన ప్రత్యర్థి అనా? కోరిన్, మనం నాశనం చేసిన పిల్ల అనా?

ఎవరూ ఏమీ అందించకపోయేసరికి వెండెల్ ఆమె ముఖంలోకి కాసేపు చూశాడు. ఎక్కడో ఏదో పోలిక దొరికినట్టుంది, ముఖం వెలిగిపోయింది. రెండు చేతులతో ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"మీ నాన్న ఎలా ఉన్నాడమ్మా?"

కోరిన్ తండ్రి పోయి చాలా ఏళ్ళయింది. ఆ శవపేటికకి భుజం పట్టినవాళ్ళలో వెండెల్ ఒకడు. ఆ హాల్లో ఉన్నవాళ్ళలో సగంమంది ఆ రోజు చర్చి వెనక గదిలో అంత్యక్రియల భోజనానికి కూర్చుని హామ్ ముక్కలు తిన్నవాళ్ళే.

కోరిన్ వెండెల్ వైపు చూడలేదు. ఆయన భుజం మీదుగా ఆర్డిత్ కళ్ళలోకి చూసింది. చిన్నప్పుడు ఆమె చర్చి ఆదివారం బడిలో, అబద్ధమాడకూడదన్న పాఠం చెప్పించుకున్నది ఆర్డిత్ దగ్గరే.

"బానే ఉన్నాడండీ," అంది. "మిమ్మల్ని అడిగానని చెప్పమన్నాడు."

"వస్తానని చెప్పు. తప్పకుండా వస్తాను."

"అలాగేనండీ," అని, "వస్తాను మిస్ ఆర్డిత్," అని వెళ్ళిపోయింది.

"ఎంత ఆప్యాయత చూడు ఆయనకి!" అంది పక్కనే నిలబడి ఉన్న వెర్లిన్. "తన మీద పోటీ చేసిన పిల్లని కూడా." మార్విన్ అవునన్నట్టు తలూపి, తన బూట్ల వంక చూసుకున్నాడు. ఆర్డిత్‌కి తల కొట్టేసినట్టయింది. పిడికిలి నోటికడ్డం పెట్టుకుని, అవసరం లేకపోయినా దగ్గింది.

మంగళవారం వెండెల్ గెలిచాడు. ఏనాడూ రానంత ఆధిక్యం వచ్చింది. పోలింగు ముగిసిన గంటకే ఫలితం తేలిపోయి, కోరిన్ ఫోన్ చేసి అభినందనలు కూడా చెప్పేసింది. ఆ ఫోన్ వెండెల్ భార్య లూయెల్లా తీసుకుంది.

బుధవారం పొద్దున లూయెల్లా ఆర్డిత్‌కి ఫోన్ చేసింది. "నా నడుం పట్టేసింది తల్లీ. రేపు ఆ గుర్రబ్బండి ఎక్కడం నావల్ల కాదు. నువ్వే ఆయన పక్కన కూచో. ఈ ఒక్క రోజూ గడిస్తే ఇంక మళ్ళీ ఎన్నికలదాకా రెండేళ్ళు ఎవరికీ ఏమీ చూపించక్కర్లేదు."

"లూయెల్లా, డాక్టరుకి చూపిద్దాం ఇప్పటికైనా."

"చూపిస్తే పేరు పెడతారు. పేరు పెట్టాక అందరికీ తెలుస్తుంది," అని లూయెల్లా ఫోన్ పెట్టేసింది.

గురువారం రిటర్న్ డే. ఎన్నికలైన రెండోరోజున, గెలిచినవాడూ ఓడినవాడూ ఒకే గుర్రబ్బండిలో కూర్చుని ఊరేగాలి. కోర్టు ముందు రెండు పార్టీల పెద్దలూ ఒకే గొడ్డలిని కలిసి పట్టుకుని ఇసుకలో పూడ్చాలి. దాంతో తగువులన్నీ సమాధి అయినట్టు. ఆ తర్వాత కాల్చిన ఎద్దుమాంసం శాండ్‌విచ్‌లు ఊరందరికీ ఉచితం. సస్సెక్స్ కౌంటీలో పుట్టినవాడెవడూ ఆ బండి ఎక్కనని అనడు. అంటే, వాడికింక ఆ ఊళ్ళో నీళ్ళు పుట్టవు.

బండి ఎన్నింటికి ఎక్కాలో కోరిన్‌కి చెప్పే వంకతో ఆర్డిత్ ఆ బుధవారమే మార్కెట్ వీధికి వెళ్ళింది. ఫోన్‌లో చెబితే సరిపోయేదే. కాళ్ళు అటు లాగాయి.

షాపులో ఒక్క మనిషి లేడు. ఎప్పుడు చూసినా కనీసం ఇద్దరు ముసలాళ్ళు రోగాలు పంచుకుంటూ కూర్చునే బెంచీ ఖాళీగా ఉంది. కౌంటరు వెనక కోరిన్ నీలం పళ్ళెంలో మాత్రలు పోసుకుని, చదునైన కత్తితో ఐదేసి చొప్పున పక్కకి నెడుతోంది. ఆమె చెయ్యి ఆగలేదు.

"ఒక్క నిమిషం మిస్ ఆర్డిత్. మధ్యలో ఆపితే లెక్క తప్పుతుంది."

మాత్రలు సీసాలో పోసి మూత బిగించి తలెత్తింది. ఆమె వెనక అట్టపెట్టెల్లో తెల్ల సంచులు నిండుగా ఉన్నాయి.

"సీఫర్డ్‌కి పంపేవి," అంది, ఆర్డిత్ చూపు గమనించి. "మార్చమని అడిగితే మార్చాలి కదా. మా నాన్న ఉన్నప్పుడు గుమ్మం బయటిదాకా లైనుండేది. నెలాఖరుకి మూసేస్తున్నాను."

"అంత తొందరెందుకమ్మా? ఎన్నికల వేడి. నాలుగు రోజులు పోతే జనమే మర్చిపోతారు."

"ఓడిపోవడం మర్చిపోతారు. మందులు అమ్మేది నోరు జారిందన్న మాట మర్చిపోరు. నేనే అయినా మర్చిపోను." కోరిన్ కత్తి తుడిచి పక్కన పెట్టింది. "నన్ను ఓడించినందుకు నాకు కోపం లేదు మిస్ ఆర్డిత్. ఓడిపోతానని తెలిసే నిలబడ్డాను. ఎవరో ఒకరు ఆ మాట అనాలి కదా అని నిలబడ్డాను. కానీ ఆ సంగతి నాకు మందుల చీటీ చూసి తెలిసిందని ఎలా అన్నారు?"

"అలా అని నేను..."

"అనలేదు. అనకుండానే అన్నారు. నాకెలా తెలిసిందో మీకు తెలుసు. సోమవారం మీరు చూసిందే నేను అంతకుముందూ చాలాసార్లు చూశాను." ఆమె సీసా మీద చీటీ అతికించింది. "పోనీ నేనే చెప్పుకుందామా అంటే, ఎవరు నా దగ్గర మందులు కొంటారో నేను చెప్పకూడదు. ఎవరు కొనరో కూడా చెప్పకూడదు. ఆ మాట చెప్పగలిగినవాళ్ళు ఇద్దరే. ఒకరు ఆయన, రెండోది మీరు. ఆయనకి గుర్తుండదు."

 వెండెల్ ఆ షాపులో ఒక్క మాత్ర కొనలేదు. అసలు ఎక్కడా కొనలేదు. మందు రాయడానికి ఏ డాక్టరూ ఆయన్ని చూస్తే కదా! ఆ సంగతి గట్టిగా ఒక్కసారి చెబితే చాలు, ఈ బెంచీ మీదకి ఆ ముసలాళ్ళు తిరిగొస్తారు. కానీ ఆ దారం లాగితే చీరంతా ఊడి వస్తుంది. ఆయన పరువు, లూయెల్లా పరువు, తన రెండేళ్ళ గుసగుసలు, అన్నీ వీధిన పడతాయి.

"రేపు ఊరేగింపు కానీ. తర్వాత కూచుని మాట్లాడదాం," అంది.

"అలాగే," అంది కోరిన్, ఆ మాటకి ఎంత విలువివ్వాలో అంతే ఇచ్చి. "బండి దగ్గరికి ఒంటిగంటకి వస్తాను. రాకపోతే మొహం చెల్లక దాక్కుందంటారు."

వట్టి చేతులతో పోలేక ఆర్డిత్ గొంతునొప్పి బిళ్ళల డబ్బా ఒకటి కొంది. కోరిన్ దాన్ని తెల్ల సంచిలో పెట్టి, "గొంతు జాగ్రత్త," అంది. అందులో ఎత్తిపొడుపేమీ లేదు. లేకపోవడం వల్లే ఆర్డిత్ కారులో కూర్చుని చాలాసేపు తాళం తిప్పలేకపోయింది.

గురువారం ఎండ బాగా కాసింది. మధ్యాహ్నం నుంచి బడులూ ఆఫీసులూ మూసేశారు. ఎద్దుమాంసం పొగ ఊరంతా కమ్ముకుంది. బ్యాండు పిల్లలు బూరలు సవరించుకుంటున్నారు. పొడవు టోపీ పెట్టుకున్న ఊరేగింపు పెద్ద ఆర్డిత్‌ని బండి మెట్టు మీదే ఆపేశాడు.

"పోటీ చేసినవాళ్ళు, వాళ్ళ మొగుళ్ళూ పెళ్ళాలూ మాత్రమేనమ్మా. ఆఫీసు వాళ్ళు ఎక్కకూడదు."

"లూయెల్లా బదులు నేను..."

"నువ్వు ఆయన పెళ్ళానివా?" అన్నాడాయన. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. "నీ మీద కోపంతో కాదు ఆర్డిత్. నిన్నెక్కిస్తే వెనక బండివాళ్ళు వంటమనిషిని కూడా ఎక్కిస్తామంటారు."

వెండెల్ అప్పటికే ఎక్కి కూర్చున్నాడు. ఎదురుగా కోరిన్ ఎర్ర కోటులో కూర్చుని ఉంది. ఆర్డిత్ చక్రం పక్కనే నడుస్తానంది, నడిచింది కూడా. కానీ ఫైర్ ఇంజన్లు, చిన్న కర్రలు గిరగిరా తిప్పి ఎగరేసే ఆడపిల్లలు, చిన్నపిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్న తండ్రులు, కుర్చీలు పట్టుకుని అడ్డంపడే అమ్మమ్మలు. గుర్రాలు మంచి ఊపు మీదున్నాయి. మొదటి మలుపు దగ్గరే బండికీ ఆమెకీ మధ్య ఇరవై మంది చేరారు. రెండో మలుపుకి యాభై.

"వెండెల్! ఇటు వెండెల్!" అని రెండు వైపుల నుంచీ అరుస్తున్నారు. ఆయన చెయ్యి ఊపుతున్నాడు గాని ముఖం మీద ఏమీ లేదు. చెవిలో మాట లేని ఆ ముఖాన్ని ఆర్డిత్ ఎప్పుడూ అంత దూరం నుంచి చూడలేదు. తప్పిపోయిన పిల్లవాడి ముఖం అది. ఒకాయన బండి పక్కనే పరిగెడుతూ చెయ్యి చాచాడు. వెండెల్ ఆ చెయ్యి పట్టుకుని, పెదవులు తెరిచి, అలాగే ఉండిపోయాడు.  ఇక్కడే, ఊరందరి ముందూ గుట్టు బయటపడిందనుకుంది ఆర్డిత్.

కోరిన్ లేచింది. ఊగుతున్న బండిలో కమ్మీ పట్టుకుని ఇవతలి సీటుకి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఆయన కోటు కాలరు సవరిస్తున్నట్టు వంగింది.

"హొరేస్! ఏంటి, మళ్ళీ తాతవయ్యావటగా!" అన్నాడు వెండెల్. గొంతు ఎప్పటిలాగే ఖంగుమంది.

వీధి చివరిదాకా అలాగే సాగింది. మందుల షాపు పిల్లకి తెలియని మనిషెవరు? ఎవరి ఇంట్లో పురుడు, ఎవరి ఇంట్లో పెళ్ళి, అన్నీ ఆమెకి తెలుసు. రోగాలు మాత్రం అందించలేదు. ఆర్డిత్ జనాన్ని తోసుకుంటూ, వగరుస్తూ, వీలైనంత దగ్గరగా నడుస్తూ ప్రతి మాటా గమనించింది. ఒక్క ఆపరేషన్ లేదు, ఒక్క జ్వరం లేదు. పిల్లలు, పుచ్చకాయల పంట, కొత్త పడవ, కుక్కపిల్ల, ఇవే. రెండేళ్ళుగా తను ఎవరి ముఖం చూసినా ముందు వాళ్ళ రోగమే అందించింది. అది తలుచుకుంటే ఆర్డిత్‌కి తన నోరు తనకే రోతపుట్టింది.

"చూశావా ఆ పిల్ల వేషాలు!" పక్కన కుర్చీ వేసుకు కూర్చున్న వెర్లిన్ అంది. "ఓడిపోయి కూడా ఎలా అంటుకుపోయిందో ఆయన్ని. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి."

ఆర్డిత్ ఆగలేదు.

కోర్టు ముందు చదునులో జనం ఇసుక వేస్తే రాలనంతగా ఉన్నారు. మేడ మీది నుంచి ఫలితాలు చదివారు. పార్టీ పెద్దలిద్దరూ ఒకే గొడ్డలి పిడి పట్టుకుని, ఫోటోలకి నవ్వి, పెట్టెలో ఇసుక కప్పారు. చప్పట్లు మోగాయి. అప్పుడు వెండెల్‌కి మైకు ఇచ్చారు. ఆర్డిత్ మెట్లదాకా చేరుకుంది, ఆయన దాకా చేరలేకపోయింది.

వెండెల్ జనం వైపు చూశాడు. గొడ్డలి పెట్టె వైపు చూశాడు. పక్కన ఎర్ర కోటు వేసుకుని నిటారుగా నిలబడ్డ కోరిన్ వైపు చూశాడు. ఇంత చిన్న వయసు, ఇంత మంచి పిల్ల, దారి పొడవునా తన చెవిలో మాట పలికిన పిల్ల. ఆయన లోపల ఏ లెక్క ఎలా తేలిందో గాని, ఆమె చెయ్యి పట్టుకుని పైకెత్తాడు.

"మిత్రులారా, నేను చాలాసార్లు గెలిచాను. ఇవాళ ఓడిపోయాను. ఓడిపోవడం కూడా తెలియాలి మనిషికి. ఈ అమ్మాయి నాకన్నా బాగా చేస్తుంది. మీరందరూ నన్ను చూసుకున్నట్టే ఈమెని చూసుకోవాలి. అంతే నేను అడిగేది."

 ఆ తర్వాత ఎవరో పకపకా నవ్వారు. వెంటనే చదునంతా నవ్వు. "ఏం మనిషండీ!" "గెలిచి ఓడినట్టు మాట్లాడటం ఈయనకే చెల్లింది!" ఈలలు, చప్పట్లు. ఆ నవ్వు కాస్త ఎక్కువ తొందరగా, కాస్త ఎక్కువ గట్టిగా వచ్చిందని ఆర్డిత్‌కి అనిపించింది. వెండెల్ ఎందుకు నవ్వుతున్నారో తెలియక తనూ నవ్వాడు. కళ్ళలో మాత్రం నీళ్ళున్నాయి. ఆయన నిజంగానే వీడ్కోలు చెప్పాడు.

కోరిన్ మైకు ముందుకి వంగింది. ఆ క్షణంలో ఆమె ఒక్కమాట అంటే చాలు. చూశారా, నేను చెప్పింది ఇదే, అంటే చాలు. "వెండెల్ గారి దగ్గర ఓడిపోవడం కూడా గౌరవమే," అంది నవ్వుతూ, ఆయన్ని చెయ్యి పట్టుకుని మెల్లగా మెట్లు దింపింది.

ఆర్డిత్ ఇంక ఆగలేకపోయింది. మెట్ల పక్కనే డెల్బర్ట్ సామన్స్ చెవులకి హెడ్‌ఫోన్ తొడుగులు పెట్టుకుని, మైకు పట్టుకుని రేడియోకి ఊరేగింపు వర్ణిస్తున్నాడు. తిన్నగా వెళ్ళి ఆ మైకు ముందు నిలబడింది.

"డెల్బర్ట్, నేను పోయిన వారం నీ రేడియోలో అబద్ధం చెప్పాను. వెండెల్ కోరిన్ షాపులో ఎప్పుడూ మందులు కొనలేదు. ఆ పిల్ల ఎవరి రహస్యం బయటపెట్టలేదు. ఆయనకి నిజంగానే ఒంట్లో..."

డెల్బర్ట్ బొటనవేలు మైకు మీట మీద ఉంది. మైకు మీది ఎర్ర దీపం ఆరిపోయి ఉంది. ఎప్పుడు ఆర్పాడో ఆమె చూడలేదు.

"రిటర్న్ డే ఆర్డిత్," అన్నాడు మెల్లగా, బుజ్జగింపుగా. "గొడ్డలి పూడ్చేశాం కదా. పూడ్చింది పూడ్చినట్టుండనీ."

"నేను చెప్పింది వినపడిందా నీకు? ఆయనకి గుర్తుండటం లేదు! రెండేళ్ళుగా నేను చెవిలో పేర్లు చెబుతున్నాను!"

"ఓసి పిచ్చిదానా!" డెల్బర్ట్ చెవి తొడుగులు తీసి మెడలో వేసుకున్నాడు. "మాకు తెలీదనుకున్నావా? నువ్వు దగ్గినప్పుడల్లా మేం అటు తిరిగి నిలబడేవాళ్ళం, నీకు ఇబ్బంది లేకుండా. అందరికీ తెలుసు. వెర్లిన్‌కి తెలుసు, మార్విన్‌కి తెలుసు."

 "మరి కోరిన్ చేసిన తప్పేంటి?" అంది ఆర్డిత్.

"బయటికి అంది," అన్నాడు డెల్బర్ట్, అంతకన్నా విడమరచి చెప్పేదేముంది అన్నట్టు. "నువ్వు ఆ రహస్యాల మాట అన్నావు చూడు, అది మాకందరికీ కలిసొచ్చింది."

అప్పుడు తెలిసింది ఆమెకి. తను ఊరిని మోసం చేయలేదు. మోసపోయినట్టు నటించడానికి ఊరికి ఒక సాకు అందించింది. ఇన్నాళ్ళూ ఆయన పరువు కాపాడుతున్నానన్న మాటతో కప్పుకున్న సిగ్గుకి ఇప్పుడు ఆ కాస్త గుడ్డ కూడా లేదు.

డెల్బర్ట్ తొడుగులు మళ్ళీ పెట్టుకున్నాడు. దీపం వెలిగింది. "ఇదిగో శాండ్‌విచ్‌ల లైను కోర్టు చుట్టూ తిరిగిపోయింది," అంటూ అందుకున్నాడు.

ఆర్డిత్ ఆ లైను వైపు చూసింది. మైకు లేకపోతే పోయె. ఆ లైనులో ప్రతి ముఖానికీ పేరు తెలిసిన మనిషి తను.

లైను మొదట్లో ఉన్నవాడి ముందు నిలబడింది. పిడికిలి అడ్డం పెట్టుకోలేదు.

"మార్విన్. వెండెల్ కోరిన్ షాపులో మందులు కొనలేదు. నేను అబద్ధం చెప్పాను."

"అబ్బే, ఇప్పుడవన్నీ ఎందుకు ఆర్డిత్," అన్నాడు మార్విన్ చుట్టూ చూస్తూ.

"హొరేస్. నేను అబద్ధం చెప్పాను. ఆ పిల్ల ఎవరి రహస్యం బయటపెట్టలేదు."

హొరేస్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. ఆమె ముందుకి కదిలింది. ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచింది, ఒక్కొక్కరికీ అదే మాట చెప్పింది. గొంతు మొదట పీలగా ఉంది, రెండేళ్ళు గుసగుసలకి అలవాటుపడ్డ గొంతు. పోనుపోను పెరిగింది. కొందరు కాగితపు తువ్వాళ్ళు మడత పెట్టుకున్నారు. కొందరు మాంసం కోసేవాడి వైపు తీవ్రంగా చూశారు. ఒకామె మాత్రం ఎర్రబడ్డ ముఖంతో, "నా మందులు ఇంకా అక్కడే కొంటున్నానమ్మా, కానీ వెనక గుమ్మం నుంచి వెళ్తున్నాను," అని ఒప్పుకుంది.

"వెర్లిన్. నేను అబద్ధం చెప్పాను."

"వినపడింది, వినపడింది. సగం కౌంటీకి వినపడుతోంది," అని వెర్లిన్ విసుక్కుంది. "పండగ పూట ఏంటే ఇది? ఆయన వింటాడు!"

నిజమే. వెర్లిన్ వెనక ముగ్గురి తర్వాత వెండెల్ నిలబడి ఉన్నాడు. కాంగ్రెస్‌మన్ అయినా శాండ్‌విచ్ కోసం లైనులో నిలబడాల్సిందే, ఆయన ఏనాడూ దాటిపోలేదు. కోరిన్ ఆయన మోచెయ్యి పట్టుకుని పక్కన ఉంది. ఆర్డిత్ ఆ ముగ్గురినీ పేరుపేరునా పిలిచి చెప్పి, ఆయన ముందుకి వచ్చింది. 

"వెండెల్ గారూ, నేను అబద్ధం చెప్పాను. మీ గురించి, ఈ పిల్ల గురించి. మీకు ఒంట్లో బాగాలేదు. అది నాకు తెలుసు. తెలిసే దాచాను. నిజం చెప్పిన ఈ పిల్ల మీద నింద వేశాను."

వెండెల్ ఎంతో శ్రద్ధగా విన్నాడు. అలా వినడం ఆయనకి ఇంకా పోలేదు. విని, ముందుకి ఒక అడుగు వేసి, ఆమె చెయ్యి తన రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు.

"నిజం ఒప్పుకోవడానికి చాలా ధైర్యం కావాలమ్మా," అన్నాడు ఆప్యాయంగా. "మీ పేరేమన్నారు?"

సాయం కోసం కోరిన్ వైపు తిరిగాడు. కోరిన్ ఆర్డిత్ వైపు చూసింది. పెదవులు కదపలేదు.

లైనంతా అటే చూస్తోంది. ఆర్డిత్ తన పేరు తనే చెప్పుకుంది, చివరి మనిషిదాకా వినపడేలా.